జామ పొడిలో సీసం 2.4 వచ్చింది, ఈ అంకె నమ్మవచ్చా?

జామతోట:

అలహాబాద్ సఫేదా జామకాయల్లో ఖనిజాలు, భార లోహాలు కొలుస్తున్నాం. తర్వాత బంగినపల్లి మామిడి కూడా చేయాలి. జామ ఫలితాల్లో కొన్ని అంకెలు అనుమానంగా ఉన్నాయి. చేసిన పద్ధతి మొత్తం రాస్తున్నాను, తప్పు ఎక్కడుందో చెప్పండి.

కాయలు కుళాయి నీళ్లతో కడిగి, స్టీలు కత్తితో తొక్కతో సహా ముక్కలు కోసి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఎండబెట్టాం. తేమ 81 శాతం. ఎండిన ముక్కల్ని మిక్సీలో పొడి చేశాం. 1 గ్రాము పొడికి నైట్రిక్, పెర్‌క్లోరిక్ యాసిడ్లు 9:4 పాళ్లలో కలిపింది 15 మి.లీ. పోసి హాట్ ప్లేటు మీద పెట్టాం. ద్రావణం తేటపడి 2–3 మి.లీ. మిగిలాక దించాం. చల్లారాక అడుగున తెల్లటి స్ఫటికాలు కనిపించాయి. సిలికా అనుకుని 42 నంబరు ఫిల్టరు పేపర్లో వడకట్టి, నీళ్లతో 50 మి.లీ. చేశాం. యాసిడ్లు ఏఆర్ గ్రేడు (మామూలు విశ్లేషణకు వాడే శుద్ధి). పరికరం ఫ్లేమ్ ఏఏఎస్ (మంటలోని లోహ పరమాణువులు ఎంత కాంతిని పీల్చుకుంటాయో కొలిచేది), ఎయిర్-అసిటిలీన్ మంట. సీసానికి 283.3 నానోమీటర్ల లైను, అన్నిటికంటే తక్కువ స్టాండర్డు (గాఢత తెలిసిన ద్రావణం) 0.5 మి.గ్రా/లీటరు.

ఎండు బరువు మీద, కిలోకి మిల్లీగ్రాముల్లో వచ్చినవి ఇవి: సీసం 2.4, క్రోమియం 5.8, నికెల్ 2.9, ఇనుము 62, కాల్షియం 310, పొటాషియం 11,000.

బ్లాంక్ (నమూనా లేకుండా యాసిడ్లతోనే చేసిన ద్రావణం) ఒక్కటే పెట్టాం. అందులో సీసం 0.031 మి.గ్రా/లీటరు చూపించింది, దాన్ని తీసివేయలేదు. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ప్రకారం పండ్లలో సీసం పరిమితి కిలోకి 0.1 మి.గ్రా. కదా, అంటే మా జామకాయల్లో 24 రెట్లు ఉన్నట్టేనా?

బ్లాంక్_రీడింగ్:

కాదండీ. ఈ అంకెను ఎక్కడా ప్రకటించకండి, తోట యజమానికి కూడా చెప్పకండి. మీరిచ్చిన వివరాలతోనే లెక్క వేసి చూపిస్తాను.

ముందు బరువు సంగతి. కోడెక్స్ పరిమితి పచ్చి పండు బరువు మీద ఉంటుంది, మీ 2.4 ఎండు పొడి మీద వచ్చింది. తేమ 81 శాతం అంటే పొడి వాటా 0.19. కాబట్టి 2.4ను 0.19తో గుణిస్తే పచ్చి బరువు మీద 0.46. ఇక్కడే 24 రెట్లు కాస్తా నాలుగున్నర రెట్లయింది.

తర్వాత బ్లాంక్. 1 గ్రాము పొడి, 50 మి.లీ. ద్రావణం, 2.4 మి.గ్రా/కిలో అంటే పరికరం చూసింది లీటరుకి 0.048 మి.గ్రా. అందులో 0.031 బ్లాంక్‌దే. మిగిలింది 0.017. దీన్ని వెనక్కి లెక్కిస్తే ఎండు బరువు మీద 0.85, పచ్చి బరువు మీద 0.16.

ఈ 0.16 కూడా అంకె కాదు. 283.3 లైనులో ఫ్లేమ్ ఏఏఎస్ సున్నితత్వం ఎంతో మాన్యువల్లో చూడండి. 0.0044 అబ్సార్బెన్స్ (కాంతి పీల్చుకున్న కొలత) రావడానికి సుమారు 0.45 మి.గ్రా/లీటరు సీసం కావాలి. మీ 0.048కి వచ్చిన అబ్సార్బెన్స్ దాదాపు 0.0005. మంట కదలికకే అంత తేడా వస్తుంది. మీ స్టాండర్డు 0.5 దగ్గర మొదలవుతోంది కాబట్టి ఈ రీడింగు క్రమాంకన రేఖకు పదో వంతు కింద, గీత లేని చోట ఉంది.

ఇప్పుడు తిరగేసి చూడండి. మీ జామకాయలో సీసం సరిగ్గా పరిమితి దగ్గరే, అంటే పచ్చి బరువు మీద 0.1 ఉందనుకుందాం. ఎండు పొడిలో అది 0.53. మీ 50 మి.లీ. ద్రావణంలో లీటరుకి 10 మైక్రోగ్రాములు. ఫ్లేమ్‌కి అది 0.0001 అబ్సార్బెన్స్. కాయలో సీసం పరిమితి దాటినా, అసలు లేకపోయినా ఈ పరికరం ఒకే రకంగా చూపిస్తుంది. ఈ లెక్క కాయలు కోయకముందే కాగితం మీద వేసుకోవాల్సింది. సీసం, కాడ్మియంకి గ్రాఫైట్ ఫర్నేస్ కావాలి, లేదా ఐసీపీ-ఎంఎస్. ఇవి చాలా తక్కువ గాఢతల్ని కూడా కొలిచే పరికరాలు.

ఏఆర్ గ్రేడు యాసిడ్ సీసా లేబుల్ కూడా చదవండి. సీసం గరిష్ఠం 0.1 పీపీఎం అని ఉంటే, 10 గ్రాముల యాసిడ్ 1 మైక్రోగ్రాము దాకా సీసాన్ని తేవచ్చు. పరిమితి దగ్గరున్న జామ పొడి 1 గ్రాములో మొత్తం ఉండేది 0.53 మైక్రోగ్రాము! యాసిడ్‌లోని సీసం కాయలో ఉన్నదానికంటే ఎక్కువ కావచ్చన్నమాట. ట్రేస్ మెటల్ గ్రేడు కొనండి. లేదా ప్రయోగశాలలో సబ్-బాయిలింగ్ స్టిల్ ఉంటే ఏఆర్ యాసిడ్‌నే శుద్ధి చేసుకోవచ్చు.

ఖనిజ_విశ్లేషణ:

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తాను. మిగతా అంకెలు కూడా తప్పులే, అయితే ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది.

క్రోమియం 5.8, నికెల్ 2.9. ఈ నిష్పత్తి 2:1. 304 స్టెయిన్‌లెస్ స్టీల్లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8–10 శాతం. ఇది జామకాయ కూర్పు కాదు, మిక్సీ బ్లేడు కూర్పు. ఎండిన జామ గింజ రాయిలా ఉంటుంది, బ్లేడును అరగదీస్తుంది. పచ్చి పండు కోసేటప్పుడు పులుపు కూడా స్టీలును కొంచెం కరిగిస్తుంది.

ఇనుము లెక్క ఇంకా ఆసక్తిగా ఉంది. స్టీలులో ఇనుము 70 శాతం అనుకుంటే, 5.8 క్రోమియంతో పాటు దాదాపు 23 ఇనుము వచ్చి ఉండాలి. జామలో సహజంగా ఉండే ఇనుము పచ్చి బరువు మీద 100 గ్రాములకు 0.26 మి.గ్రా. ప్రాంతంలో ఉంటుంది, ఎండు బరువు మీద కిలోకి 14 అనుకోండి. రెండూ కలిపితే 37. మీకు 62 వచ్చింది. మిగిలిన 25 ఎక్కడిది? ఎర్రనేలల దుమ్ములో ఇనుము 3 శాతం ఉందనుకుంటే, కిలో పొడిలో 0.8 గ్రాము మట్టి చాలు. తొక్కకి, ముచ్చిక గుంటకి, కిందివైపు ఎండిపోయిన రక్షక పత్రాల గుబురుకి అంత మట్టి పట్టుకోవడం కష్టం కాదు. అదే ద్రావణంలో అల్యూమినియం, టైటానియం కొలవండి. అవి కూడా పెరిగి ఉంటే అది మట్టే.

అందుకని మెత్తటి నైలాన్ బ్రష్‌తో కుళాయి నీళ్లలో కడిగి, తర్వాత 18.2 మెగాఓమ్ (అతి శుద్ధ) నీళ్లలో మూడుసార్లు ముంచి తీయండి. ముచ్చిక, రక్షక పత్రాల భాగం సెరామిక్ కత్తితో తీసేయండి. ముక్కలు కూడా సెరామిక్ కత్తితోనే, పాలిథిన్ పలక మీద కోయండి. పౌడరు లేని నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, లేటెక్స్ గ్లవ్స్ జింక్ తెస్తాయి. తోటలో బోర్డో మిశ్రమం కొట్టారా, మాంకోజెబ్ కొట్టారా అని అడిగి రాసుకోండి. మొదటిది తొక్క మీద రాగి వదులుతుంది, రెండోది మాంగనీస్, జింక్. ఆ పెరుగుదల కాయ లోపలిది అనుకుని పోషక విలువ రాసేస్తున్న వ్యాసాలు చాలా ఉన్నాయి. అది నిజంగా బాధ కలిగించే విషయం, ఆ అంకెలు తర్వాత పట్టికల్లోకి ఎక్కుతాయి.

ఎండబెట్టడం. 105 డిగ్రీల్లో చక్కెర మాడి పాకంలా అవుతుంది, పైన గట్టి పొర కట్టి లోపల తడి ఉండిపోతుంది. ఫ్రీజ్ డ్రయ్యర్ ఉంటే అన్నిటికంటే మంచిది. లేకపోతే 60–65 డిగ్రీల్లో, పల్చటి ముక్కలు, రెండు వరుస తూకాలు సరిపోయేదాకా. పొడిని అగేట్ రోట్లో నూరండి, లేదా జిర్కోనియా బంతుల మిల్లులో. జామలో గింజ ముక్కలు జల్లెడ పైన మిగిలితే పారేయకూడదు, మళ్లీ నూరి కలపాలి. గింజలో ఖనిజాలు గుజ్జులో ఉన్నట్టు ఉండవు, పారేస్తే వేరే నమూనా అయిపోతుంది. చక్కెర పొడి గాలిలో తేమ వెంటనే పీల్చుకుంటుంది, కాబట్టి తూకం వేసే రోజే కొంత పొడిని విడిగా ఆరబెట్టి మిగిలిన తేమ సరిదిద్దుకోండి.

కాల్షియం 310 అంటే పచ్చి బరువు మీద 100 గ్రాములకు 6 మి.గ్రా. కూడా లేదు. జామలో 18 దాకా ఉండాలి. ఎయిర్-అసిటిలీన్ మంటలో ఫాస్ఫేట్ కాల్షియంను పట్టుకుని విడవదు, పరమాణువులుగా విడిపోనివ్వదు. లాంథనం కలపలేదు కదూ? స్టాండర్డుల్లో, బ్లాంక్‌లో, నమూనాలో మూడింటిలోనూ చివరి లాంథనం గాఢత 0.5 శాతం ఉండేలా కలపండి. లాంథనం క్లోరైడులో కొంచెం కాల్షియం ఉంటుంది, బ్లాంక్‌లో కలపకపోతే ఈసారి పై వైపు తప్పు వస్తుంది.

పొటాషియం సగమే వచ్చింది, జామలో ఎండు బరువు మీద 21,000 ప్రాంతంలో ఉండాలి. మీరు సిలికా అనుకున్న ఆ తెల్లటి స్ఫటికాలే మిగతా సగం! పొటాషియం పెర్‌క్లోరేట్ చల్లటి ద్రావణంలో సరిగా కరగదు. 1 గ్రాము పొడిలోని 21 మి.గ్రా. పొటాషియం 75 మి.గ్రా. పెర్‌క్లోరేట్ అవుతుంది. చల్లారిన 2–3 మి.లీ. యాసిడ్‌లో అది పట్టదు, అడుగున కూర్చుంటుంది. ముందు నీళ్లు పోసి వెచ్చబెట్టి ఉంటే పూర్తిగా కరిగేది. మీరు ముందే వడకట్టేశారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. చక్కెర ఎక్కువున్న పండ్ల పొడి మీద పెర్‌క్లోరిక్ మిశ్రమాన్ని నేరుగా పోయకండి. నైట్రిక్ ఒక్కటే పోసి రాత్రంతా ఉంచి, సేంద్రియ పదార్థం చాలా భాగం పోయాక మాత్రమే పెర్‌క్లోరిక్ చేర్చాలి. అదీ పెర్‌క్లోరిక్ కోసమే కట్టిన, నీళ్లతో కడిగే వీలున్న ఫ్యూమ్ హుడ్‌లో. ఆరిపోయేదాకా ఎప్పుడూ ఉంచకూడదు. ద్రావణం నల్లబడుతోందంటే నైట్రిక్ అయిపోయిందని అర్థం, ఆ క్షణంలో పేలుడు ప్రమాదం ఉంది. వెంటనే వేడి ఆపాలి. నిజానికి పండ్లకి పెర్‌క్లోరిక్ అవసరమే లేదు.

జామతోట:

ఇద్దరికీ ధన్యవాదాలు. స్ఫటికాల సంగతి అస్సలు ఊహించలేదు. మరోచోట క్లోజ్డ్ వెసెల్ మైక్రోవేవ్ (మూసిన పాత్రలో యాసిడ్‌తో కరిగించేది), ఐసీపీ-ఎంఎస్ వాడుకునే అవకాశం ఉంది. జామ, మామిడి కలిపి చేయాలనుకుంటున్నాం. ఎంత నమూనా, ఎంత యాసిడ్, ఏ ఐసోటోపులు? పాదరసం, ఆర్సెనిక్ కూడా కావాలి. మామిడిలో ఆర్సెనిక్ వస్తే కార్బైడ్‌తో మగ్గబెట్టినట్టు చెప్పవచ్చా?

మైక్రోవేవ్_వెసెల్:

మైక్రోవేవ్ భాగం నేను రాస్తాను.

పొడి 0.5 గ్రాము, అంతకు మించకండి. పచ్చి గుజ్జయితే 2.5 గ్రాములు. పండు చక్కెర నైట్రిక్‌తో కలిసి ఒక్కసారిగా వాయువు వదులుతుంది, 1 గ్రాము పొడి వేస్తే మూత వెంట్ అయి నమూనా పోతుంది. 69 శాతం నైట్రిక్ 7 మి.లీ. పోసి, మూత పెట్టకుండా 20–30 నిమిషాలు హుడ్‌లో ఉంచండి. గోధుమ రంగు పొగ తగ్గాక 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 మి.లీ. చుక్కలు చుక్కలుగా వేయండి. 20 నిమిషాల్లో 190 డిగ్రీలకు తీసుకెళ్లి 20 నిమిషాలు అక్కడ ఉంచండి. 50 డిగ్రీల కిందికి దిగేదాకా వెసెల్ తెరవకండి. ద్రావణం లేత పసుపు, లేదా రంగు లేకుండా ఉండాలి. 50 మి.లీ. పాలీప్రొపిలీన్ గొట్టంలో నింపండి. గాజు ఫ్లాస్కు వద్దు. వడకట్టవద్దు, అడుగున ఏమైనా ఉంటే సెంట్రిఫ్యూజ్ చేయండి, ఫిల్టరు పేపరు నుంచి జింక్, రాగి వస్తాయి. 50 మి.లీ.లో యాసిడ్ ఇంకా ఎక్కువగానే ఉంటుంది, పరికరానికి ఇచ్చే ముందు మరో మూడు రెట్లు పలుచన చేసి, స్టాండర్డుల యాసిడ్ కూడా అదే స్థాయిలో ఉంచండి.

వెసెళ్లు ముందు నైట్రిక్ ఒక్కటే పోసి అదే ప్రోగ్రాంలో ఒకసారి తిప్పి, ఆ ద్రావణం పారేయండి. ఇంతకుముందు ఎవరో మట్టి నమూనా చేసిన వెసెల్ మీ చేతికి వస్తే, మీ జామలో సీసం మళ్లీ 2.4 అవుతుంది. వీలైతే మొక్కల పదార్థానికి వేరే వెసెళ్లు కేటాయించమని అడగండి.

ప్రతి బ్యాచ్‌లో బ్లాంక్‌లు మూడు, రిఫరెన్స్ పదార్థం (విలువలు ముందే తెలిసినది) ఒకటి, స్పైక్ (తెలిసినంత లోహం కలిపిన నమూనా) ఒకటి, ఒకే పొడి రెండుసార్లు. నిస్ట్ (అమెరికా ప్రమాణాల సంస్థ) 1515 యాపిల్ ఆకుల పొడి వాడండి, అందులో సీసం 0.470 మి.గ్రా/కిలో, మీ పరిధిలోనే ఉంది. అయితే ఆకులో పండంత చక్కెర ఉండదు. కాబట్టి అది సరిపోయినంత మాత్రాన పండులో సరిపోయినట్టు కాదు, స్పైక్ తప్పనిసరి. 1 మి.గ్రా/లీటరు సీసం స్టాండర్డు 0.25 మి.లీ. యాసిడ్ పోయకముందే పొడి మీద వేయండి. డైజెషన్ (యాసిడ్‌లో కరిగించడం) అయ్యాక వేసే స్పైక్ పరికరాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. రికవరీ (కలిపినదాంట్లో తిరిగి కనిపించిన వాటా) 80–110 శాతం మధ్య ఉండాలి.

ఐసోటోపులు. సీసానికి 206, 207, 208 మూడూ కలిపి తీసుకోండి, ఎందుకంటే సీసం ఎక్కడి నుంచి వచ్చిందో దాన్నిబట్టి ఐసోటోపు పాళ్లు మారతాయి. కాడ్మియంకి 111, కానీ మాలిబ్డినం ఆక్సైడు 95+16 అదే 111 దగ్గర పడుతుంది, మాలిబ్డినం కూడా కొలిచి సరిచూడండి. క్రోమియం 52 దగ్గర ఆర్గాన్-కార్బన్ వస్తుంది, 40+12. డైజెషన్ సరిగా కాక కార్బన్ మిగిలితే లేని క్రోమియం కనిపిస్తుంది. ఆర్సెనిక్ 75 దగ్గర ఆర్గాన్-క్లోరిన్, 40+35. పెర్‌క్లోరిక్ వద్దనడానికి ఇది ఇంకో కారణం. ఈ మూడింటికీ హీలియం కొలిజన్ మోడ్ (ఇలా అడ్డొచ్చే అయాన్లను హీలియంతో తగ్గించే పద్ధతి) పెట్టండి. ఇంటర్నల్ స్టాండర్డులుగా (సిగ్నల్ మార్పును సరిదిద్దడానికి అన్ని ద్రావణాల్లో సమానంగా కలిపేవి) జర్మేనియం, రోడియం, బిస్మత్. మిగిలిన కార్బన్ ఆర్సెనిక్ సిగ్నల్‌ను పెంచుతుంది కూడా. దాన్ని సమం చేయడానికి ఇంటర్నల్ స్టాండర్డు లైనులో కొంచెం ఐసోప్రొపనాల్ కలుపుతారు.

పాదరసానికి ఎండిన పొడి పనికిరాదు, ఓవెన్‌లోనే కొంత ఎగిరిపోతుంది. పచ్చి గుజ్జు తీసుకోండి. ద్రావణాల్లో, కడిగే యాసిడ్‌లో లీటరుకి 0.2 మి.గ్రా. బంగారం కలపండి, లేకపోతే గొట్టాలకు అంటుకుని తర్వాతి నమూనాలో బయటపడుతుంది.

పొటాషియం, కాల్షియం, మెగ్నీషియంకి ఐసీపీ-ఎంఎస్ సమయం వృథా చేయకండి. అదే 50 మి.లీ. ద్రావణాన్ని మీ ఫ్లేమ్‌లో చదవండి. జామ పొటాషియం అందులో లీటరుకి 210 మి.గ్రా. దాకా ఉంటుంది, 766.5 లైనుకి కనీసం 100 రెట్లు పలుచన చేయాలి, సీసియం 0.1 శాతం కలపాలి. కాల్షియం 9 మి.గ్రా. దగ్గర ఉంటుంది, నాలుగు రెట్లు చాలు, లాంథనంతో.

ఖనిజ_విశ్లేషణ:

మామిడి గురించి రెండు మాటలు.

కోడెక్స్ సీసం పరిమితిని మామిడికి అన్వయించేటప్పుడు టెంక తీసేసి మిగతాది విశ్లేషిస్తారు, కానీ ఫలితాన్ని మొత్తం పండు బరువు మీద చెబుతారు. అంటే 400 గ్రాముల పండులో టెంక 60 గ్రాములు అనుకుంటే, తొక్క, గుజ్జు కలిపి 340. అందులో 0.080 వస్తే రాయాల్సింది 0.080 × 340 ÷ 400, అంటే 0.068. కాబట్టి కోసే ముందు ప్రతి పండు బరువు, తర్వాత దాని టెంక బరువు రాసుకోవాలి. ఆ తూకం మర్చిపోతే తర్వాత తెచ్చుకోలేరు. పోషక విలువకి మాత్రం గుజ్జు ఒక్కటే, తినే భాగం మీద. రెండు ప్రయోజనాలున్నాయి కాబట్టి గుజ్జు, తొక్క విడివిడిగా ఎండబెట్టి, రెండింటి తేమ విడిగా రాయండి. ఎగుమతి ఉద్దేశం ఉంటే యూరప్‌లో మామిడికి కాడ్మియం పరిమితి 0.020, దానికి తగ్గట్టు డిటెక్షన్ ఉందో లేదో చూసుకోండి.

కాయను నిలువునా నాలుగు చెక్కలు చేసి ఎదురెదురు చెక్కలు రెండు తీసుకోండి. ముచ్చిక వైపు, కింది వైపు కాల్షియం ఒకేలా ఉండదు, అడ్డంగా కోసి సగం తీసుకుంటే తప్పు వస్తుంది. నమూనాకి కనీసం పది పండ్లు. కోసేటప్పుడు కారే రసం కూడా గిన్నెలోకే రావాలి, పొటాషియం దానితోనే పోతుంది. తొక్క మీద సొన చారలుంటే దుమ్ము అక్కడ అంటుకుని ఉంటుంది, అవి పోయేదాకా కడగాలి.

కార్బైడ్ ప్రశ్నకి: చెప్పలేరు. పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి, అందుకే దానితో మగ్గబెట్టడాన్ని మన దేశంలో నిషేధించారు. బదులుగా ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు అనుమతించారు. కానీ పండులో కనిపించే ఆర్సెనిక్ నేల నుంచి, సాగునీటి నుంచి, దుమ్ము నుంచి కూడా రావచ్చు. కడిగిన నీళ్లు, తొక్క, గుజ్జు వేర్వేరుగా చూస్తే అది పైన ఉందా లోపల ఉందా అని మాత్రం తెలుస్తుంది. దాన్నిబట్టి ఎవరి మీదా నేరం మోపకండి.

జామతోట:

చివరి సందేహం. కాడ్మియం దాదాపు సున్నా వస్తే ఎన్.డి. (కనిపించలేదు) అని రాసేయవచ్చా? సగటులో సున్నాగా వేయాలా?

బ్లాంక్_రీడింగ్:

ఎన్.డి. అని ఒక్కటే రాస్తే చదివేవాళ్లకి ఏమీ తెలియదు. పది బ్లాంక్‌లు పూర్తి డైజెషన్‌తో చేసి, వాటి స్టాండర్డ్ డీవియేషన్‌ను పదితో గుణించండి. ఉదాహరణకి డీవియేషన్ లీటరుకి 0.03 మైక్రోగ్రాము వస్తే పరిమాణ పరిమితి (నమ్మకంగా అంకె చెప్పగల కనిష్ఠం) 0.3. అర గ్రాము, 50 మి.లీ. లెక్కన ఎండు బరువు మీద 0.03 మి.గ్రా/కిలో, జామకి పచ్చి బరువు మీద సుమారు 0.006. పట్టికలో "0.006 కంటే తక్కువ" అని రాయండి. పరికరానికి ఇచ్చే ముందు మళ్లీ పలుచన చేస్తే ఆ రెట్లతో కూడా గుణించాలి, మూడు రెట్లయితే అది 0.018 అవుతుంది. మామిడి కాడ్మియం పరిమితి 0.020 పక్కన అది చాలా దగ్గర, కాబట్టి కాడ్మియంకి యాసిడ్ ఇంకా తగ్గించి తక్కువ పలుచనతో నడిపించగలరేమో ఆ ప్రయోగశాల వాళ్లని ముందే అడగండి. సగటుకి సున్నా ఒకసారి, పరిమితి విలువ ఒకసారి పెట్టి రెండు అంకెలూ ఇవ్వండి. మధ్యలో తేడా ఎంతుందో చదివేవాళ్లే చూసుకుంటారు.